నాలుక చేదు వద్దంటున్నా ఎందుకు తింటున్నాం? మనుషులు, చింపాంజీలు, కోతుల రుచులపై చర్చ

కాకరపాదు

అడవిలో తిరిగే జంతువుకు ఏది తినాలో, ఏది ముట్టకూడదో దాని నాలుకే చెబుతుందనీ, వండిన తిండికీ పంచదారకూ అలవాటుపడిన మనిషి ఒక్కడే ఆ తెలివిని పోగొట్టుకున్నాడనీ ఈమధ్య ఆరోగ్య ప్రసంగాలలో తరచుగా వినిపిస్తోంది. వినడానికి బాగానే ఉన్నా, నాకు ఇందులో రెండు మూడు చిక్కులు కనిపిస్తున్నాయి. చేదు విషానికి హెచ్చరిక అని చెబుతారు. అలాంటప్పుడు కాకరకాయను, మెంతులను, ఉగాది నాటి వేపపువ్వును మనం కోరి ఎందుకు తింటున్నాం? చింపాంజీలు, కోతులు చేదును నిజంగానే వదిలేస్తాయా? ఒకే బాణలిలో వేగిన కాకరకాయ ముక్క ఇంట్లో ఒకరికి కమ్మగా ఉండి, మరొకరు నోట పెట్టలేకపోవడం నాలుకలోని తేడా వల్లనా, పెంపకంలోని తేడా వల్లనా? వానర జాతుల మీద జరిగిన పరిశోధనలు తెలిసినవారు వివరంగా రాస్తే బాగుంటుంది. సొంత పథ్యాల ప్రచారం మాత్రం వద్దని మనవి.

ప్రకృతిమార్గం

ప్రచారం చేయబోను కానీ, మీరు చిక్కులన్నవి నాకు చిక్కులుగా తోచడం లేదు. అడవిలో కోతికి పోషకాల పట్టిక ఎవరూ ఇవ్వరు, వైద్యుడు ఉండడు, అయినా అది బలంగా ఉంటుంది. శరీరానికి ఏది లోపించిందో దాని మీదికే నాలుక పోతుంది. మనం కాకరకాయ తినడం కూడా ఆ పాత తెలివిలో మిగిలిన భాగమే కావచ్చు. రుచిని శుద్ధిగా ఉంచుకున్న జీవి తప్పు తిండి తినదన్నది నా నమ్మకం. దీనికి విరుద్ధమైన ఆధారం ఉంటే చూపించండి, వింటాను.

జన్యుసూత్రం

ముందుగా కాకరపాదు గారి మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగిలిన వాటికి అక్కడి నుంచే దారి దొరుకుతుంది.

1931లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఫినైల్ థయోకార్బమైడ్ అనే పొడిని సీసాలోకి ఒంపుతుండగా కొంత గాలిలోకి లేచింది. అక్కడే ఉన్న సహోద్యోగి తన నోరు చేదైపోయిందని ఫిర్యాదు చేశాడు. పొడికి అంతకన్నా దగ్గరగా ఉన్న ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. తరువాత చాలామందికి రుచి చూపించగా, మనుషులలో ఈ పీటీసీ పొడి చేదు తెలిసేవారు, తెలియనివారు అని రెండు రకాలున్నట్టు తేలింది. నిష్పత్తి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా జనానికి అది తెలియదు.

1939లో రొనాల్డ్ ఫిషర్, ఈ. బి. ఫోర్డ్, జూలియన్ హక్స్‌లీ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఇదే పరీక్షను జంతుప్రదర్శనశాలలలోని చింపాంజీలపై చేశారు. చేదు కలిపిన నీటిని కొన్ని ఉమ్మేశాయి, కొన్ని హాయిగా తాగాయి. నిష్పత్తి కూడా మనుషులలో ఉన్నట్టే వచ్చింది. మనిషీ చింపాంజీ వేరుపడక ముందే ఈ తేడా పుట్టి, రెండు వంశాలలోనూ లక్షల ఏళ్లుగా నిలిచి ఉంటుందని వారు ఊహించారు. ఊహ చాలా అందంగా ఉంది కనుక అరవై ఏళ్లకు పైగా దానిని ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు.

నాలుక మీద ఈ చేదును పట్టుకునే ప్రొటీన్‌కు, అంటే గ్రాహకానికి, సంబంధించిన టాస్2ఆర్38 అనే జన్యువును 2003లో గుర్తించారు. 2006లో స్టీఫెన్ వుడింగ్ బృందం చింపాంజీలలో అదే జన్యువును చదివి చూడగా కథ మారిపోయింది. మనుషులలో ఆ జన్యువులోని మూడు చోట్ల జరిగిన మార్పుల వల్ల గ్రాహకం తయారవుతుంది కానీ పీటీసీకి స్పందించదు. చింపాంజీలలో మాత్రం ప్రొటీన్ తయారీ ఎక్కడ మొదలుకావాలో చెప్పే సంకేతమే చెడిపోయింది, అందువల్ల సరైన గ్రాహకమే తయారుకాదు. అంటే ఒకే చేదును మరిచిపోవడం రెండు జాతులలో వేర్వేరుగా, వేర్వేరు పద్ధతులలో జరిగింది. జపాన్‌లోని కీ ద్వీపకల్పపు కోతులలో కూడా ఈ జన్యువు దెబ్బతిని పీటీసీ రుచి తెలియని గుంపును అక్కడి పరిశోధకులు 2010లో వెల్లడించారు.

ప్రకృతిమార్గం గారు ఆలోచించవలసింది ఇక్కడే. రుచి చెడని కాపలాదారైతే, అడవిలోనే పుట్టి పెరిగే జాతులలో ఆ కాపలా మళ్లీ మళ్లీ ఎందుకు సడలుతోంది?

పాలకంకి

మాది నిర్మల్ వైపు పల్లె. మొక్కజొన్న మీద పడే కోతులను, చెట్ల మీద ఆకులు తింటూ కూర్చునే కొండముచ్చులను రెండింటినీ రోజూ చూస్తాం. కోతి ఏ ఆకును పడితే ఆ ఆకును తినదు, కొండముచ్చు మాత్రం మేం నోట పెట్టలేని ముదురాకులను కూడా నమిలి పారేస్తుంది. దాని నాలుకే వేరా, లేక కడుపు వేరా?

నల్లమలబాట

పాలకంకి గారూ, రెండూ వేరే. కొండముచ్చు కడుపు ఆవు కడుపులా అరలుగా ఉంటుంది. తిన్న ఆకు అసలు జీర్ణరసం దగ్గరకు చేరక ముందే మొదటి అరలో సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. ఆకులోని చాలా విషపదార్థాలు అక్కడే విరిగిపోతాయి. కోతికి ఆ సౌకర్యం లేదు. దానికి దవడ సంచులున్నాయి, దొరికిన దాన్ని గబగబా కుక్కుకుని పారిపోయి తరువాత తీరికగా నములుకోవడానికి అవి పనికివస్తాయి, విషాన్ని విరగ్గొట్టడానికి కాదు.

కడుపుకు తగ్గట్టుగా నాలుక కూడా మారింది. విల్లో చెట్టు బెరడులో ఉండే సాలిసిన్ అనే చేదు పదార్థాన్ని పట్టుకునే గ్రాహకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు వేర్వేరు వానర జాతుల నుంచి తీసుకుని, ప్రయోగశాలలోని కణాలలో పరీక్షించి 2012లో ప్రకటించారు. ఒకే గ్రాహకం జాతిని బట్టి ఎంతో తేడాగా స్పందించింది. ఇండోనేషియాలోని కొండముచ్చు కుటుంబపు జాతులలో పీటీసీ గ్రాహకం కూడా మందగించి ఉందని 2017లో తేలింది. ఆకులే ఆహారమైన జీవికి ప్రతి ఆకూ చేదుగా తోస్తే అది ఆకలితో చావాలి. అందుకే హెచ్చరిక గంట శబ్దం తగ్గింది.

ఇంకా విచిత్రమైన ఉదాహరణ మడగాస్కర్‌లో ఉంది. అక్కడి బంగారు వెదురు లీమర్ (కోతులకు దూరపు బంధువైన చిన్న జంతువు) తినే లేత వెదురులో సైనైడ్‌నిచ్చే పదార్థం పుష్కలంగా ఉంటుంది. ఆ జంతువు శరీర బరువుకు ప్రాణాంతకమని లెక్కకట్టే మోతాదుకు దాదాపు పన్నెండు రెట్లు అది ఒక్క రోజులో తింటుందని 1989లోనే ప్రకటించారు. దాని శరీరం ఆ విషాన్ని ఎలా తట్టుకుంటుందన్నది వేరే పెద్ద చర్చ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: విషం, చేదు, తినకపోవడం అన్న మూడింటి మధ్య మనం ఊహించే సూటి బంధం అడవిలో చాలాచోట్ల తెగిపోయి కనిపిస్తుంది.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021లో జపాన్ పరిశోధకులు ఉమామి రుచి గ్రాహకాన్ని పరిశీలించారు. మాంసపు చారులో, పుట్టగొడుగులో, పండిన టమాటాలో మనకు తెలిసే కమ్మదనమే ఉమామి. పురుగులు తినే చిన్న వానరాలలో ఆ గ్రాహకం పురుగులలో దండిగా దొరికే న్యూక్లియోటైడ్లకు (జన్యుపదార్థపు చిన్న ముక్కలకు) స్పందిస్తుంది. ఆకుల మీద ఆధారపడే పెద్ద వానరాలలో అదే గ్రాహకం గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం వైపు తిరిగింది, ఆకులలో అది ఎక్కువగా ఉంటుంది. మనకు వంటల్లో తెలిసే కమ్మదనానికి మూలం బహుశా ఆకుతిండి అయి ఉండవచ్చు. మాంసాహారులు దీనితో ఎంతవరకు ఒప్పుకుంటారో చూడాలి.

ప్రకృతిమార్గం

మీరు చెప్పినవన్నీ నా మాటనే బలపరుస్తున్నాయి కదా. ఏ జీవికి తగిన నాలుక దానికి ఉంది. పైగా టాంజానియా చింపాంజీలు జబ్బు చేసినప్పుడు చేదు మొక్కను వెతుక్కుని నములుతాయని నేను చదివాను. ఇది శరీరం తానుగా చెప్పిన వైద్యం కాక మరేమిటి?

నల్లమలబాట

ఆ ఉదాహరణను మీరే తెచ్చారు కనుక వివరంగా రాస్తాను. చాలామంది దానిని సగమే చెబుతారు.

టాంజానియాలో టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న మహాలే కొండలలో 1987లో మైకేల్ హఫ్‌మన్ అనే పరిశోధకుడు, స్థానిక టోంగ్వే తెగకు చెందిన మొహమెదీ సెయిఫు కలుండే అనే అడవి తెలిసిన పెద్దాయన కలిసి ఒక ఆడ చింపాంజీని గమనించారు. అది నీరసంగా, తిండి మీద ఆసక్తి లేకుండా ఉండి, వెర్నోనియా అమిగ్డలినా అనే పొద లేత కొమ్మలను విరిచి, బెరడునూ ఆకులనూ తీసిపారేసి, లోపలి దవ్వను మాత్రం నమిలి రసం మింగింది. మరుసటి రోజుకు అది తేరుకుని మామూలుగా తిరిగింది. టోంగ్వే ప్రజలు కడుపునొప్పికీ జ్వరానికీ వాడే మొక్క అదే. తరువాతి ఏళ్లలో మరొక చింపాంజీ ఇలా నమిలిన తరువాత దాని మలంలో నులిపురుగు గుడ్ల సంఖ్య ఒక్క రోజులోపే బాగా తగ్గినట్టు హఫ్‌మన్ బృందం నమోదు చేసింది.

ఇప్పుడు మిగతా సగం. అదే బాటలో నడుస్తున్న ఆరోగ్యంగా ఉన్న చింపాంజీలు ఆ మొక్కను సాధారణంగా పట్టించుకోవు. దాని చేదు చాలా తీవ్రమైనది, ఆకులలో బెరడులో విషం ఇంకా ఎక్కువ, దవ్వలో తక్కువ. తెలియక ఆకులు తింటే మేలు కన్నా కీడే ఎక్కువ. అంటే ఏ భాగం, ఎంత, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకు నాలుక ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. పిల్ల చింపాంజీలు తల్లి నమిలి వదిలిన పిప్పిని నోట పెట్టుకుని చూస్తాయి. నేర్చుకోవడం అక్కడ మొదలవుతుందని హఫ్‌మన్ అభిప్రాయం. చింపాంజీ చేదును ఇష్టపడి తినడం లేదు. చేదుగా ఉన్నా తింటోంది. ఆ రెండింటికీ చాలా దూరం ఉంది.

అదే మొక్కను నైజీరియాలో కూరగా వండుకుంటారు. ఆకును నలిపి, నీళ్లు మార్చి మార్చి కడిగి, చేదు తగ్గించి సూపులో వేస్తారు.

కాకరపాదు

నైజీరియా వారు ఆకును నలిపి కడగడం అచ్చంగా మన పద్ధతే. కాకరకాయ ముక్కలకు ఉప్పూ పసుపూ రాసి, కాసేపు ఊరనిచ్చి, గట్టిగా పిండి, ఆ నీటిని పారబోస్తాం. కొందరు మజ్జిగలో ఉడికిస్తారు, కొందరు చింతపండు పులుసు పోసి బెల్లం వేస్తారు. పిండినప్పుడు చేదు నీటితో పాటు పోతుందనుకోవచ్చు. కానీ ఏమీ పిండకుండా కేవలం ఉప్పు కాస్త ఎక్కువ వేసినా చేదు తగ్గినట్టు అనిపిస్తుంది. దానికి కారణం ఏమిటి?

జన్యుసూత్రం

మీరు గమనించింది ప్రయోగశాలలో కూడా నిర్ధారణ అయింది. పాల్ బ్రెస్లిన్, గ్యారీ బోషాంప్ 1997లో ఒక చేదు పదార్థాన్ని, పంచదారను, సోడియం లవణాన్ని వేర్వేరు జోడీలుగా, మూడూ కలిపి మనుషులకు రుచి చూపించారు. సోడియం చేదును గట్టిగా అణచింది, తీపిని మాత్రం అంతగా ముట్టుకోలేదు. చేదు కింద నలిగిపోయిన తీపి, చేదు తగ్గగానే పైకి వచ్చింది. ఉప్పు వేసిన కాకరకాయ పులుసులో బెల్లం రుచి మరింత తెలియడానికి ఇదే కారణం కావచ్చు. పుచ్చకాయ, జామకాయ ముక్కల మీద ఉప్పు చల్లుకునేవారికి ఇది కొత్త విషయం కాదు.

ఉప్పు ప్రస్తావన వచ్చింది కనుక రెండు వానర ఉదాహరణలు. జపాన్‌లోని కోషిమా అనే చిన్న దీవిలో పరిశోధకులు కోతులకు చిలగడదుంపలు వేసేవారు. 1953లో ఇమో అని పేరు పెట్టిన పిల్ల కోతి దుంపకు అంటిన ఇసుకను ఏటి నీటిలో కడగడం మొదలుపెట్టింది. అది ముందు తోటి పిల్లలకూ తల్లికీ, తరువాత గుంపుకూ పాకింది. కొంతకాలానికి అవి సముద్రపు నీటికి మారాయి. అప్పటికే శుభ్రంగా ఉన్న దుంపను కూడా కొరికినప్పుడల్లా మళ్లీ ఉప్పునీటిలో ముంచడం చూసి, ఇది రుచి కోసమేనని అక్కడివారు భావించారు. రెండోది, ఉగాండాలోని బ్విండి అడవిలో కొండ గొరిల్లాలు కుళ్లిన చెట్టు మొద్దులను నాకుతూ, నములుతూ కూర్చుంటాయి. జెస్సికా రాత్‌మన్, మరి ఇద్దరు 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం వాటి తిండిలో ఆ చెక్క వాటా నాలుగు శాతమే, కానీ వాటికి అందే సోడియంలో 95 శాతానికి పైగా దాని నుంచే వస్తుంది.

ఈ గొరిల్లాల విషయంలో ప్రకృతిమార్గం గారి మాటకు బలం ఉంది, ఒప్పుకోవలసిందే. సోడియం విషయంలో లోపానికీ కోరికకూ నేరుగా సంబంధం ఉన్నట్టు ఎన్నో జంతువులలో తేలింది. అయితే దానిని పట్టుకుని ప్రతి పోషకానికీ అలాంటి కోరిక ఉంటుందనుకోవడం సాధ్యం కాదు.

చంటిబిడ్డలు

నేను పిల్లల వైద్యంలో ఉన్నాను, పెంపకం అన్న మాటకు సంబంధించి కొంత చెబుతాను. అప్పుడే పుట్టి ఇంకా పాలు తాగని బిడ్డ నాలుక మీద తీపి చుక్క వేస్తే ముఖం విప్పారి పెదవులు చప్పరిస్తుంది, చేదు చుక్క వేస్తే నోరు తెరిచి నాలుకను బయటకు తోస్తుంది. జాకబ్ స్టైనర్ 1970లలో దీనిని చిత్రాలతో సహా చూపించాడు. అతడే సహచరులతో కలిసి 2001లో మనుషుల శిశువుల ముఖాలను మరో పదకొండు వానర జాతుల ముఖాలతో పోల్చాడు. చేదుకు నోరు తెరవడం అన్నింటిలోనూ కనిపించింది. మనకు దగ్గరి బంధువులైన జాతులలో ముఖకవళికలు మనవాటికి మరింత దగ్గరగా ఉన్నాయి. కనుక మొదటి స్పందన పుట్టుకతోనే వస్తుంది, దానిలో అనుమానం లేదు.

కానీ ఆ స్పందన మీద నేర్పు ఎంత త్వరగా పేరుకుంటుందో చూడండి. జూలీ మెనెల్లా బృందం 2001లో ప్రకటించిన ప్రయోగంలో కొందరు స్త్రీలు గర్భంతో ఉన్న చివరి నెలల్లో, మరికొందరు పాలిచ్చే నెలల్లో క్యారెట్ రసం తాగారు. ఆ బిడ్డలు తరువాత క్యారెట్ రుచి ఉన్న జావను ముఖం చిట్లించకుండా అంగీకరించారు. తల్లి తిన్నది ఉమ్మనీటి ద్వారా, పాల ద్వారా బిడ్డకు ముందుగానే పరిచయమవుతోంది. మెంతులు తిన్న బాలింతరాలి పాలలోనూ చెమటలోనూ ఆ వాసన వస్తుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేదే. ఒకసారి ఉమ్మేసిన కూరను పిల్లలకు మళ్లీ మళ్లీ, బలవంతం లేకుండా పెట్టండని మేము చెప్పేది ఇందుకే. రెండు సార్లకు విసిగి మానేసే తల్లిదండ్రులే ఎక్కువ.

నల్లమలబాట

అడవి కోతులలో ఇదే విషయాన్ని చూపిన ప్రయోగం నా దృష్టిలో ఈ చర్చకు అన్నిటికన్నా ముఖ్యమైనది. దక్షిణాఫ్రికాలో ఎరికా వాన్ డె వాల్, క్రిస్టెల్ బోర్జో, ఆండ్రూ వైటెన్ కలిసి స్వేచ్ఛగా తిరిగే వెర్వెట్ కోతుల నాలుగు గుంపులకు రెండేసి డబ్బాలలో మొక్కజొన్న గింజలు పెట్టారు. ఒక డబ్బాలోవి గులాబీ రంగు, మరొక దానిలోవి నీలం రంగు. రెండు గుంపులకు గులాబీ రంగు గింజలను, మిగిలిన రెండింటికి నీలం రంగు గింజలను కలబంద జాతి ఆకులతో నానబెట్టి భరించలేనంత చేదుగా చేశారు. కోతులు కొద్దికాలంలోనే ఏ రంగును వదిలేయాలో నేర్చుకున్నాయి. ఇంతవరకు నాలుక పనే.

కొన్ని నెలలు ఆగి, ఈసారి ఏ రంగులోనూ చేదు లేకుండా రెండు డబ్బాలూ పెట్టారు. ఈ మధ్యలో కొత్త పిల్లలు పుట్టాయి. చేదు అంటే ఏమిటో ఆ గింజలలో ఎన్నడూ చూడని ఆ పిల్లలు తల్లి తినే రంగునే తిన్నాయి, ఇరవై ఏడింటిలో ఇరవై ఆరు. అదే గింజ, అదే రుచి, పక్కనే మరో డబ్బా నిండుగా ఉంది, అయినా ముట్టలేదు. ఇంకొక సంగతి కూడా జరిగింది. వెర్వెట్లలో వయసు వచ్చిన మగవి గుంపు మారతాయి. గులాబీ రంగు చేదని స్వయంగా నేర్చుకున్న మగకోతి, గులాబీనే తినే గుంపులోకి వెళ్లాక చాలావరకు తన అనుభవాన్ని పక్కన పెట్టి అక్కడి అలవాటులోకి మారిపోయింది. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

కనుక, కాకరపాదు గారూ, అత్తవారింటి వంటకు నాలుక మార్చుకోవడం మనుషులకే పరిమితమైన విద్య కాదు.

పాలకంకి

ఇది చదివాక మా పొలాల్లో చూసేది కొంత అర్థమవుతోంది. పక్క ఊరి గుంపు సోయా జోలికి పోదు, మా ఊరి గుంపు దాన్నీ వదలదు. మొక్కజొన్న విషయంలో మాత్రం అన్నీ ఒక్కటే. కంకి పాలమీద ఉన్నప్పుడు వచ్చి పడతాయి, గింజ గట్టిపడ్డాక జోరు తగ్గుతుంది. అదీ ఒక్క కంకిని పూర్తిగా తినవు, రెండు వరసలు కొరికి పారేసి ఇంకోటి విరుస్తాయి. మిరప వేస్తే కోతుల బాధ ఉండదని కొందరు రైతులు అంటారు. కారానికి కోతి నిజంగా భయపడుతుందా?

జన్యుసూత్రం

పాలకంకిలో చక్కెర ఎక్కువ, గింజ ముదిరే కొద్దీ అది పిండిపదార్థంగా మారుతుంది. కోతి రాక ఆ మార్పునే అనుసరిస్తోంది. మనం కూడా అదే దశలో కంకిని కాల్చుకుని తింటాం కాబట్టి దానిని తప్పు పట్టలేం, పంట నష్టం మాత్రం రైతుది.

మిరపలోని కాప్సైసిన్ నాలుక మీది రుచి గ్రాహకాలను తాకదు. వేడినీ నొప్పినీ గుర్తించే నరాలను తాకుతుంది. క్షీరదాలన్నింటికీ దాదాపుగా ఆ మంట తెలుస్తుంది, పక్షులకు తెలియదు. అందుకే మిరపపండును పక్షి తిని గింజను దూరంగా విసర్జిస్తుంది. కోతి మొదటిసారి కొరికి వదిలేయడం సహజమే. కానీ అలవాటు పడదని హామీ ఇవ్వలేం. మనుషులు కారాన్ని ఎలా ఇష్టపడతారన్నది జీవితమంతా పరిశోధించిన పాల్ రోజిన్ మెక్సికో పల్లెలో కుక్కలను, పందులను గమనించాడు. రోజూ మనుషులు పారేసిన కారపు తిండే తింటున్నా, కారం లేనిదే కావాలన్నట్టు అవి ప్రవర్తించాయి. అదే రోజిన్ 1983లో కారపు తిండిని కోరి తినడం నేర్చుకున్న పెంపుడు చింపాంజీల గురించి రాశాడు. మనుషుల సహవాసం ఉంటే ఆ మంటనూ ఇష్టంగా మార్చుకోగలిగింది వానరమే. గుంటూరు కారం తినేవారు దీనికి గర్వపడాలో లేదో నాకు తెలియదు.

తాటివనం

తీపి సంగతి వచ్చింది కనుక కల్లు సంగతి కూడా రావాలి. తాటిచెట్టు మీది కుండలోని కల్లును గబ్బిలాలు, పునుగుపిల్లులు తాగిపోవడం గీతకార్మికులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. వానరాలు తాగుతాయా?

నల్లమలబాట

తాగుతాయి, అదీ పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో. బోసూ అనే గ్రామం దగ్గర ప్రజలు రాఫియా తాటిచెట్లను గీసి కల్లు తీస్తారు, డబ్బాలు చెట్టు మీదే ఉంటాయి. అక్కడి చింపాంజీలు ఆకులను నమిలి ముద్దగా చేసి, డబ్బాలో ముంచి, పీల్చుకుంటాయి. 1995 నుంచి 2012 వరకు చూసిన సంఘటనలను కింబర్లీ హాకింగ్స్ బృందం 2015లో ప్రకటించింది. ఆ కల్లులో ఆల్కహాలు సగటున 3.1 శాతం ఉంది. కొన్ని తాగాక పడుకున్నాయి, ఒకటి మాత్రం అందరూ గూళ్లు కట్టుకుంటుంటే గంటసేపు చెట్ల మీద అటూ ఇటూ తిరిగింది.

దీనికి వెనుక పెద్ద కారణమే ఉండవచ్చు. మాగిన పండు నేల మీద పడి పులిస్తే దానిలో ఆల్కహాలు పుడుతుంది. ఆ వాసనను పట్టుకోగల జీవికి పండు ఎక్కడుందో దూరం నుంచే తెలుస్తుంది. ఆల్కహాలును విరగ్గొట్టే ఒక ఎంజైములో సుమారు కోటి ఏళ్ల క్రితం ఒక్క మార్పు జరిగి, దాని సామర్థ్యం దాదాపు నలభై రెట్లు పెరిగిందని 2015లో మరో బృందం చూపింది. ఆ మార్పు మనుషులలో, చింపాంజీలలో, గొరిల్లాలలో ఉంది. చెట్టు దిగి నేల మీద ఎక్కువగా తిరగడం మొదలైన కాలానికి అది సరిపోతుంది. తాగుడును దీనితో సమర్థించుకోవద్దు, రాలిన పండుకూ సీసాకూ పోలిక లేదు.

ప్రకృతిమార్గం

నా వాదనను కొంచెం సరిహద్దు గీసి చెబుతాను. జీవి తన సొంత అడవిలో, తన సొంత ఆహారం మధ్య ఉన్నప్పుడు రుచి దానిని సరైన దారిలోనే నడుపుతుంది. తల్లిని చూసి నేర్చుకోవడం కూడా ప్రకృతిలో భాగమే. చెడగొట్టింది మన కృత్రిమమైన తిండి.

జన్యుసూత్రం

ఈ రూపంలో చెబితే మన మధ్య దూరం చాలా తగ్గింది. దీనికి అనుకూలంగా నేనే ఒక ఆధారం ఇస్తాను. బొలీవియా అడవిలో సాలెకోతులను అనికా ఫెల్టన్ బృందం చీకటి నుంచి చీకటి వరకు వెంబడించి, అవి తిన్నదంతా లెక్కగట్టింది. 2009లో వచ్చిన ఫలితం ఏమిటంటే, దొరికిన పండ్లను బట్టి వాటికి అందే మొత్తం శక్తి రోజురోజుకూ ఎంతో మారినా, ప్రొటీన్ మాత్రం దాదాపు ఒకే స్థాయిలో నిలిచింది. తీపి పండు దొరికింది కదా అని అవి ఇష్టం వచ్చినట్టు తినలేదనుకోవడం తప్పు. తిన్నాయి, ప్రొటీన్ సరిపోయేదాకా తిన్నాయి. పండులో ప్రొటీన్ తక్కువ కనుక చక్కెర ఎక్కువగా లోపలికి పోయింది. మన బజారు చిరుతిళ్ల విషయంలో జరిగేది కూడా ఇదేనని కొందరు పరిశోధకుల వాదన.

అయితే ఆ అడవి గీత దాటగానే వానరం మనకన్నా తెలివిగా ఏమీ ఎంచుకోదు. మనం పెంచే అరటి, మామిడి వంటి పండ్లను వేల ఏళ్లుగా తీపి కోసం ఎంపిక చేశాం. అడవి పండులో పీచు, గింజ ఎక్కువ, గుజ్జు తక్కువ, చక్కెర కూడా ఎక్కువగా గ్లూకోజు, ఫ్రక్టోజుల రూపంలో ఉంటుందని కాథరీన్ మిల్టన్ పనామాలో చూపింది. ఇంగ్లాండ్‌లోని పైంటన్ జంతుప్రదర్శనశాల 2014లో తమ కోతులకు అరటిపండ్లు ఇవ్వడం మానివేసింది. ఆ తీపి వల్ల పళ్లూ కడుపూ చెడుతున్నాయని, మధుమేహం ముప్పు కూడా ఉందని చెబుతూ, బదులుగా ఆకుకూరలు పెట్టింది. మన గుళ్ల దగ్గర కోతులకు లడ్డూలు, బిస్కెట్లు ఇచ్చే భక్తులు దీనిని చదవాలి. ఆ కోతి నాలుక ఎప్పుడూ వద్దని చెప్పదు.

తీపి విషయంలోనూ నాలుకను మోసం చేయవచ్చు. మధ్య ఆఫ్రికాలోని ఒక తీగ పండులో బ్రజ్జీన్ అనే ప్రొటీన్ ఉంది. దానిలో చక్కెర లేకపోయినా మనకూ చాలా కోతులకూ ఎంతో తియ్యగా ఉంటుంది. జంతువును పిలిచి గింజలు చల్లించుకోవడానికి మొక్క చేసిన చవక ఏర్పాటు అది. ఆ అడవిలోనే ఉండే గొరిల్లాలలో మాత్రం తీపి గ్రాహకపు ఒక భాగం మారిపోయి, ఆ మోసం పారడం లేదని 2016లో ఒక బృందం ప్రతిపాదించింది.

కాకరపాదు

అందరికీ ధన్యవాదాలు. ఇక నా మొదటి ప్రశ్నలో చివరి భాగం మిగిలింది. మా ఇంట్లో ఇద్దరికి కాకర పడదు. బడి ప్రయోగశాలలలో వాడే, పీటీసీ పూసిన కాగితాన్ని తెప్పించి అందరికీ నాలుక మీద పెట్టి చూస్తే, ఎవరికి నిజంగా చేదు ఎక్కువో, ఎవరు వేషాలు వేస్తున్నారో తేలిపోతుందా?

జన్యుసూత్రం

తేలదు. మనిషిలో చేదును పట్టుకునే గ్రాహకాలు సుమారు ఇరవై ఐదు రకాలున్నాయి. పీటీసీ కాగితం వాటిలో ఒక్కదానినే పరీక్షిస్తుంది. ఆ గ్రాహకానికి సంబంధించినవి క్యాబేజీ, ఆవాలు, ముల్లంగి కుటుంబపు కూరలు. మారి సాండెల్, బ్రెస్లిన్ 2006లో రకరకాల కూరగాయలను ఈ జన్యువు తేడాలున్నవారికి పచ్చిగా రుచి చూపించారు. పీటీసీ తెలిసే రకం వారికి ఆవాల కుటుంబపు కూరలు ఎక్కువ చేదుగా తోచాయి. కాకరకాయ వంటి ఇతర చేదు కూరల విషయంలో రెండు రకాల వారి మధ్య అలాంటి తేడా కనిపించలేదు. కాకర చేదు వేరే గ్రాహకాల పని.

పైగా ఈ పీటీసీ గుణం బడిలో చెప్పేంత సూటిగా తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు రాదు. ఒకప్పుడు పితృత్వ తగాదాలలో కూడా దీనిని ఆధారంగా వాడారు, తరువాత మానుకున్నారు. అందుకని ఇంట్లో ఆ కాగితం పెట్టి, ఫలితం చూసి ఎవరినీ అనుమానించకండి. కాకర పడనివారికి కొంతకాలం లేత కాయను, ఉప్పు రాసి పిండి, పులుసులో చిన్న ముక్కగా పెట్టి చూడండి. మిగిలినవారు పక్కనే కూర్చుని ఇష్టంగా తింటే, వెర్వెట్ల లెక్క ప్రకారం, ఇంకా మంచిది.